లింగన్న దగ్గర పెట్టిన ఫైలు

“మీరు ఏజెంటా?”

నవత నన్ను అడిగిన మొదటి మాట ఇది.

కోరుట్లలో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్న ఆమెకు వేసవి గణిత పరిశోధన శిబిరంలో సీటు వచ్చింది. కిందటేడు అదే శిబిరానికి వెళ్లొచ్చినవాణ్ణి కాబట్టి, ఆమె ఇంట్లో నచ్చజెప్పమని వాళ్ల లెక్కల సార్ నన్ను సిరిసిల్ల నుంచి పిలిపించారు. ఆ సాయంత్రం ఐదులోపు ఆమె వస్తానని మెయిల్ పెట్టాలి. లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

మేడిపల్లిలో వాళ్ల బాపు లింగన్న నాకు చాయ్ ఇప్పించాడు కానీ, నా మాట నమ్మలేదు. ఆరు వారాలు ఉచితంగా గది, తిండి, రైలు టికెట్, పైగా చేతికి స్టైపెండ్. దుబాయ్ పంపిస్తానన్న ఏజెంటు కూడా అచ్చం ఇట్లాగే చెప్పి ఆయన పాస్‌పోర్టు పట్టుకుపోయాడట.

“ఆడ పనేంది?” అని అడిగాడు.

“ఇంకా ఎవ్వరూ తేల్చని లెక్క ఒకటి ఇస్తరు కాకా. దాని మీద ఆలోచించాలె.”

“ఉత్తగ ఆలోచిస్తే పైసలిస్తరా?”

నవత నవ్వలేదు. కిందటేడు నేను చేసిన లెక్క ఏమిటో చెప్పమంది. చెప్తుంటే మధ్యలో ఆపి, ఆ మెట్టు ఎట్లా వచ్చిందని నిలదీసింది. నిజంగానే అక్కడ తప్పు చెప్పాను. ఒప్పుకుని దిద్దుకున్నాను. ఏజెంటైతే తప్పు ఒప్పుకోడని ఆమె వాళ్ల బాపుతో మెల్లగా అంది.

లింగన్న మాత్రం నా సంచిలోంచి కనబడుతున్న ఫైలు వైపే చూస్తున్నాడు.

“నా బిడ్డ తిరిగొచ్చేదాక నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఈడ పెట్టు. అప్పుడు నమ్ముత.”

పాస్‌పోర్టు పోగొట్టుకున్న మనిషికి తెలిసిన జామీను అదొక్కటే. మా ఇంట్లో మొదటి డిగ్రీ ఆ ఫైల్లోనే ఉంది. నాలుగు రోజుల్లో నా ఎమ్మెస్సీ అడ్మిషన్. ఒరిజినల్స్ చూపకపోతే సీటు ఇవ్వరు. గడియారం చూశాను. నాలుగూ నలభై.

ఫైలు ఆయన చేతిలో పెట్టాను. నవత మెయిల్ పంపింది.

మా అమ్మకు ఈ సంగతి చెప్పలేదు.

మూడో రోజు పొద్దున సిరిసిల్లలో మా వీధి మగ్గాల చప్పుడులో తలుపు కొట్టింది సరిగా వినబడలేదు. తీసేసరికి ఫైలు పట్టుకుని నవత. వెనక లింగన్న బండికి స్టాండు వేస్తున్నాడు.

మోసం ఎక్కడుందో పట్టుకోవాలని ఫైలంతా వెతికిందట. అట్టడుగున నా అడ్మిషన్ లెటర్ దొరికింది, రేపే ఒరిజినల్స్‌తో రావాలని.

“గిది ఎందుకు చెప్పలే?”

“చెప్తే మీ బాపు ఫైలు తీసుకోకపోతుండె. నీ సీటు పోతుండె.”

“మరి నీ సీటు?”

“వచ్చే యేడు మళ్ల రాస్త అనుకున్న.” ఆమె ఆ రోజు లాగే నిలదీస్తున్నట్టు చూస్తోంది. “నువ్వు నా తప్పు పట్టినప్పటి సంది నీ గురించే ఆలోచిస్తున్న.”

నవత ఫైలు నా చేతికిచ్చి తల తిప్పుకుంది. నేను “లోపలికి రా కాకా” అని లింగన్నను పిలిచాను.

“మా బాపును కాకా అనకు,” అంది ఆమె, నాకు మాత్రమే వినబడేట్టు. “అట్లయితే నేను నీకు చెల్లెనైత.”

లింగన్న వైపు తిరిగాను.

“చాయ్ తాగుతవా మామా?”

చెప్పులు విడుస్తున్న లింగన్న ఆగి నన్నూ, బిడ్డనూ అనుమానంగా చూశాడు.

“చక్కెర తక్కువెయ్యి,” అని లోపలికి వచ్చాడు.