దాచిన ఫోల్డరు

కంప్యూటర్లు బాగుచేసే ఆ షాపులో అన్నదమ్ములిద్దరికీ ఒకటే వేదం. చెరిపేసినదాన్ని ఎవడైనా వెనక్కి తీస్తాడు, దాచినదాన్ని ఎవడూ వెతకడు. జనం పొరపాటున చెరుపుకున్న ఫొటోలు వెనక్కి తీసిచ్చే ఇద్దరూ బతికారు మరి. అందుకే తను అన్న తల పగలగొట్టిన రోజు, షాపు కెమెరాలో పడ్డ వీడియోని తమ్ముడు చెరపలేదు. ఒక ఫోల్డరులో పెట్టి కనపడకుండా దాచాడు. అతితెలివి అంటే అదే.

బోర్డు మీద ఎవరి పేరుండాలన్న దగ్గర మొదలైంది గొడవ. శవాన్ని ఏం చేశాడో వాడికే ఎరుక. వదినకి మాత్రం, "అలిగి వెళ్ళిపోయాడు" అని చెప్పాడు. పిచ్చిది, నమ్మింది. ఇవాళ పొద్దున ఫోన్ చేసింది.

"అబ్బాయ్, ఆ రోజు మీ అన్న ఎటెళ్ళాడో కెమెరాలో ఓసారి చూస్తాను. మధ్యాహ్నం వస్తున్నా."

తేలు కుట్టిన దొంగలా, "రా వదినా" అన్నాడు.

డిస్కే మాయం చేస్తే ఆవిడకి అనుమానం వస్తుంది. ఆ ఒక్క ఫోల్డరూ పట్టుకుని, దానిమీద చెత్త డేటా రాసి రాసి, ఎవడూ వెనక్కి తీయలేకుండా చెయ్యాలి. షట్టరు సగం దించి కూర్చున్నాడు. బయట వాన. లోపల కాలిన వైర్ల వాసన, దానికింద ఇంకేదో కుళ్ళిన వాసన.

దాచినవి చూపించమని టిక్కు పెట్టాడు. ఫోల్డరు రాలేదు. చూస్తే టిక్కు లేదు. మళ్ళీ పెట్టాడు. కళ్ళముందే పోయింది.

వైరస్, అనుకున్నాడు. వాడెరిగిన రోగమే. నల్ల తెర తెరిచి కమాండు కొట్టాడు. ఆ ఫోల్డరొక్కటే రమ్మనాల్సింది, కంగారులో దాచినవన్నీ రమ్మన్నాడు.

ఫోల్డరు వచ్చింది. వీడియో దానంతటదే మొదలైంది. తెరమీద తను యూపీఎస్ బ్యాటరీ ఎత్తాడు. అన్న నెత్తిన దించాడు. ఇంకోసారి... ఇంకోసారి...

పక్క కుర్చీ కిర్రుమంది.

అన్న కూర్చుని ఉన్నాడు. సగం తల లేదు. చొక్కా మీద నెత్తురు పాతబడి ఎండిపోయింది. ఇన్నాళ్ళూ అక్కడే ఉన్నాడు.

స్క్రూడ్రైవరు వాడి అరచేతిలోంచి దిగి, బల్లలో గుచ్చుకుంది. మోకాలి మీద బ్యాటరీ పడింది. ఎముక విరిగిన చప్పుడు వాడికే వినిపించింది.

"చంపకు అన్నా..." గొణిగాడు.

"చంపనురా తమ్ముడూ. చెరిపేస్తే ఎవడో ఒకడు వెనక్కి తీస్తాడు."

అన్న వేలు కీబోర్డు మీద కదిలింది. ఒక్క వరస కమాండు. ఎంటర్.

షట్టరు లేచింది. వదిన.

వాడు చెయ్యి పీక్కున్నాడు. నేలమీద పాక్కుంటూ పోయి ఆవిడ కాలు పట్టుకున్నాడు. గొంతు చిరిగేలా అరిచాడు. ఆవిడ గొడుగు మడిచి మూలన పెట్టింది. ఆవిడ కంటికి బల్ల శుభ్రంగా ఉంది. నేల శుభ్రంగా ఉంది.

"అబ్బాయ్, ఉన్నావా?"

వాడి వేళ్ళ మీంచే అడుగేసి వచ్చి కూర్చుంది. చెప్పుకి అంటిన తడిని నేలకేసి రాసింది. తర్వాత పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు వంగి, మెల్లగా అడిగింది.

"ఏవండీ, వాణ్ణి చెరపలేదు కదా?"

వాడి వెనకాల బ్యాటరీ మళ్ళీ లేచింది.