పెచ్చుల మధ్య ఖాళీ

మధ్యాహ్నం మ్యూజియంలో జనం పల్చబడ్డాక అక్క చెకుముకి రాళ్లతో ఆదిమానవుల పనిముట్ల నమూనాలు చెక్కుతూ కూర్చునేది. తొడ మీద తోలుముక్క, చేతిలో గుండ్రాయి. అంచు చూసి, వాలు చూసి ఒక్క దెబ్బ వేస్తే గాజుబిళ్లలాంటి పెచ్చు ఊడిపడేది. దాని పదును ముందు బ్లేడు కూడా బలాదూరే.

ఆ రోజు మాత్రం ఆమెకు ఒళ్లు మండిపోతోంది. పాతరాతియుగం నాటి ఏదో సమాధిలో దొరికిన గొడ్డలిరాయి ఒకటి, అక్కడి అస్థిపంజరంతో పాటే కింది గదిలో ఉంటుంది. ఎవరో సగం చెక్కి వదిలేసిన రాయి. అక్కడే పనిచేసే తమ్ముడు వీడియో కోసం దాన్ని పైకి తెచ్చి, సుత్తితో ఓ పెచ్చు లేపాడు.

"చచ్చినవాడి గుప్పిట్లోంచి తీసిన రాయిరా అది! నీకు ఆటబొమ్మలా ఉందా?"

"ఒక్క పెచ్చేగా అక్కా! రాయి ఏమన్నా ఏడ్చిందా?"

"నోర్ముయ్. వెళ్లి కింద పెట్టు."

వాడు గొణుక్కుంటూ పోయాడు. ఎంతకీ రాలేదు. మండిపడుతూ ఆమే మెట్లు దిగింది. సగంలో కరెంటు పోయింది.

కిటికీల్లేని గది. తలుపు ఓరగా తీసి ఉంది. చెమ్మ వాసన... దాని మీద కాలిన వెంట్రుకల వాసన. రాయి మీద రాయి పడితే వచ్చే వాసనే.

టక్.

టక్... నేల మీద ఏదో గలగలమంది.

"మళ్లీ మొదలెట్టావా? ఆపరా వెధవా!"

ఆగింది.

అంతలోనే మళ్లీ. ఇంకా గట్టిగా. టక్. టక్. కసి తీర్చుకుంటున్నట్టు. దెబ్బ దెబ్బకీ పళ్లు బిగించి వదిలే ఊపిరి...

"అక్కా..."

తమ్ముడి గొంతు. వెనక నుంచి. మెట్ల పైనుంచి.

"ఎవర్ని తిడుతున్నావు?"

వాడు దిగివచ్చి ఫోన్ లైటు వేశాడు. చప్పుడు లేదు. మనిషీ లేడు. నేలంతా పెచ్చులు. మధ్యలో మాత్రం ఖాళీ... రెండు తొడలు, రెండు మోకాళ్ల ఆకారంలో. కూర్చుని చెక్కేవాడి కాళ్ల కింద పెచ్చులు పడవు. రోజూ తను లేచాక కనిపించే ఖాళీయే అది.

"ఆ రాయి ఇక్కడ పెట్టి చావలేదా?" పళ్ల మధ్య నుంచి గుసగుసగా అడిగింది.

"లేదక్కా... ఫోనొస్తే పైనే, వరండాలో ఆగాను. ఇదిగో, నా చేతిలోనే ఉంది."

"మరి ఇక్కడ... దేన్ని చెక్కారు?"

ఆమె వంగి ఓ పెచ్చు తీసింది.

రాయి కాదు. ఎముక.

ఇంకా వెచ్చగా ఉంది.