ఎర్ర తెర

బేతంచెర్లలో బండల లారీలు కదిలే వేళకు కృపమణి ఉగ్గాని కలిపింది. కోడలి పళ్లెం చేతికిచ్చింది. కొడుకు పళ్లెం మాత్రం ముఖం చూడకుండా గడప దగ్గర పెట్టేసి వెనక్కి తిరిగింది. కొన్నాళ్లుగా ఇదే వరస.

ఏసుకుమార్ పొద్దున ఫ్యాక్టరీలు తిరిగి బిల్లులు తెచ్చుకుని, ఇంట్లో కంప్యూటర్‌లో లెక్కలు రాస్తాడు. భర్త గనిలో పోయాక కృపమణి కూలికెళ్లి చదివించిన బిడ్డ. అలాంటి తల్లి తనను పరాయివాడిలా ఎందుకు చూస్తోందో అతనికి అంతుపట్టలేదు.

ఆ రోజు అతను ఇంకా బయలుదేరలేదు. కోడలు ప్రసన్నకుమారి అత్త చెవుల వైపు చూసి ఆగిపోయింది.

"అత్తా, నీ కమ్మలు యాడ?"

"పెట్టెలో ఉండాయిలే."

"పెట్టె నిన్న నేనే సర్దినాను. ఆడ లేవు."

ఏసుకుమార్ లేచాడు. "ఎవురికిచ్చినావు మా? నిజం చెప్పు."

కృపమణి గిరుక్కున తిరిగింది. "నీ కోసరమే అమ్మినా! ఆ కంప్యూటర్‌లో నువ్వు చూసే పాడు బొమ్మల కోసరం. పోలీసులు నిన్ను పట్టుకపోకుండా!"

ప్రసన్నకుమారి మొగుడి వైపు చూసింది.

కృపమణి ఏడుస్తూ చెప్పింది. ఒకరోజు కంప్యూటర్‌లో పాస్టరు ప్రసంగం వినబోతే తెరంతా ఎర్రగా మారి కుయ్యోమని మోగిందట. వైరస్ పట్టింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని వచ్చిందట. చేస్తే ఒకాయన అక్కడి నుంచే యాంటీవైరస్ ఎక్కించి, లోపల మీ కొడుకు దాచిన పాడు బొమ్మలు శానా ఉన్నాయి, పోలీసులకు తెలిస్తే పట్టుకుపోతారు, తుడవాలంటే ఖర్చవుతుంది, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు అన్నాడట.

"అది ఒట్టి మోసం మా. ఆ తెర గూడా వాళ్లు పంపిందే. ఫోన్ చేయకుండా కంప్యూటర్ ఆపేసింటే పోయేది. అది వదిలెయ్. నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా నీకు?"

అంతలో ఆమె ఫోను మోగింది. కొడుకు బయటికెళ్లే వేళ చూసి రోజూ వచ్చే ఫోనే. ఏసుకుమార్ అందుకుని స్పీకరు నొక్కాడు.

"అమ్మా, మీ వాడి ఫైళ్లు ఇంకా దొరికాయి. ఈరోజే తుడిచెయ్యాలి."

కృపమణి ఫోను మీదికి వంగింది. "అయ్యా, నా కొడుకు పేరేమి?"

"అదంతా ఇప్పుడెందుకమ్మా? ముందు డబ్బు పంపండి."

"పేరు జెప్పు నాయనా. అంతా చూసినావు గదా."

ఫోను కట్టయిపోయింది.

ఆమె నేల మీద కూలబడింది. "పేరు గూడా తెలీనోని మాట నమ్మి నిన్ను అట్లాటోడనుకుంటిరా కుమారా..."

ఏసుకుమార్ కంప్యూటర్ తీగ పీకేశాడు. భార్య అప్పటికే ఫిర్యాదు కోసం పోలీసులకు ఫోన్ చేస్తోంది. కమ్మలు తిరిగొస్తాయన్న ఆశ ఎవరికీ లేదు.

తల్లిని లేపాలని అతనికి తెలుసు. కానీ చేతులు కదల్లేదు. ఆమె ఏడుపు విని విని, చివరికి పక్కనే చతికిలబడి భుజం ఆనించాడు.

"నేనట్లాటోన్ని కాదు మా," అన్నాడు, చిన్నపిల్లాడిలా. పుట్టి బుద్ధెరిగాక తల్లికి ఆ మాట చెప్పుకోవాల్సి రావడం అదే మొదలు.