కడుగునీళ్ళు

2074 నాటికి విశాఖ ఆపరేషన్ థియేటర్లలో సంధిసాక్షి అనే యంత్రం సరేననకుండా ఎవరూ మందు సీసా మూత కూడా తీసేవారు కాదు. ఎంత పేరున్న సర్జనైనా దాని ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

నరం వెళ్ళి కండరాన్ని కలిసే చోటును నాడీకండర సంధి అంటారు. ఆపరేషన్ వేళ ఒళ్ళు బిగుసుకోకుండా ఇచ్చే మజిల్ రిలాక్సెంట్ అక్కడ తలుపు మూస్తుంది. కొన్ని యాంటీబయాటిక్‌లు తోడైతే ఆ తలుపు ఓ పట్టాన తెరుచుకోదు. రోగికి మెలకువ వచ్చినా ఊపిరి అందదు. సంధిసాక్షి ఆ తలుపును క్షణక్షణం కనిపెట్టుకుని ఉంటుంది. దాన్ని తయారుచేసిన మత్తు డాక్టరు సువర్చలకు ఊరూరా దండలు వేశారు. మెడలో దండ పడిన ప్రతిసారీ ఆమెకు సిగ్గుతో తల వంగిపోయేది. అందరూ దాన్ని వినయమనుకున్నారు.

పాత కేసులు చదివి మరణానికి కారణం చెప్పడం కూడా ఈమధ్యే దానికి నేర్పారు. ఆ సంగతి విని అప్పలనాయుడు వచ్చాడు. ఒకప్పుడు ఆమె థియేటర్లోనే టెక్నీషియన్. 2048లో నూకరాజు అనే జాలరి పేగు ఆపరేషన్ అయ్యాక ఊపిరందక చనిపోయాడు. వెంటిలేటర్ సరిగ్గా చూసుకోలేదని అప్పలనాయుడి ఉద్యోగం పీకేశారు.

"ఒక్కపాలి నా కేసు కూడా దానికి సూపించండి మేడమ్. సచ్చేలోగా నా మీద మచ్చ పోవాల."

కాదనడానికి సువర్చలకు నోరు రాలేదు. రికార్డు చూపించింది.

"ఇందులో రాసిన మోతాదుకు ఊపిరి ఆగదు," అంది సంధిసాక్షి. "పొట్ట కడిగిన నీళ్ళలో యాంటీబయాటిక్ కలిపారా?"

కుట్లు వేసేముందు సర్జన్ పొట్టలో పోసేదాన్ని ఆ రోజుల్లో ఎవరూ మందుగా చూసేవారు కాదు. అవి కడుగునీళ్ళు. మత్తు చార్టులోకి ఎక్కవు. నూకరాజు ఆపరేషన్లో "మందు కలిపి పొయ్యమంటారా?" అని సర్జన్ అడిగితే, సువర్చల సెల్ చూసుకుంటూ తలూపింది. విచారణలో మాత్రం, "వేరే మందేదీ పడలేదు" అంది. థియేటర్ అలవాటు ప్రకారం అది అబద్ధం కూడా కాదు. ఆ యాంటీబయాటిక్ సీసా సంగతి అప్పలనాయుడు ఒక్కడే చెప్పాడు. డాక్టరమ్మ మాట ముందు అతని మాట ఎవరు వింటారు?

"రికార్డులో లేదు," అంది సువర్చల ఇప్పుడు.

"రికార్డు నేనూ చదివాను. అడుగుతున్నది మిమ్మల్ని డాక్టర్. నాలోని మిగతా ప్రశ్నలన్నీ పుస్తకాల్లోంచి వచ్చాయి. ఇదొక్కటే మీ సొంతం. నా కోసం మీరు రాసుకున్న నోట్సులో మొదటి వాక్యం. రాసింది ఈ ఆపరేషన్ జరిగిన తొమ్మిదో రోజున. విచారణకు అప్పటికి ఇంకా మూడు వారాలుంది."

సువర్చల కుర్చీ పట్టుకుని కూర్చుంది. ఒక్క మాట చెప్పలేక ఇంత యంత్రాన్ని కట్టుకుంది.

"కలిపాం," అంది. "నువ్వు నిజమే చెప్పావు నాయుడూ. నేనే చెప్పలేదు."

అప్పలనాయుడు కళ్ళు తుడుచుకున్నాడు.

"నాకు కొత్తేటుంది మేడమ్, సీసా ఇప్పి ఇచ్చింది నేనే కదా. నూకరాజు కూతురు నన్ను సూస్తే ఇప్పటికీ మొగం తిప్పేసుకుంటాది. ఆ పిల్లకి తెలియాల."

"నివేదిక ఆమెకు పంపించమంటారా?" అని అడిగింది సంధిసాక్షి.

పంపించెయ్ అనే మాట సువర్చల నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలికో!

"వద్దు," అని లేచి నిలబడింది. "ఆ అమ్మాయి ఇల్లు చూపించండి, నాయుడుగారూ."