వెనుక బెంచీ

స్టీలు గిన్నె జ్యోతిరాణి చేతిలోంచి జారి గచ్చు మీద ఖణేలుమంది. అంతే! వంటింట్లోంచి అత్త దుర్గవ్వ పరుగెత్తుకొచ్చింది.

"మెల్లగ! జర మెల్లగ! రాత్రి షిఫ్టు చేసొచ్చి పండుకున్నడు నా కొడుకు... నిద్ర చెడితే ఎట్ల?"

"తప్పయింది అత్తమ్మా..." అంది జ్యోతిరాణి. ఆ మాట కూడా గుసగుసగానే వచ్చింది. పెళ్లయి ఈ బొగ్గుబాయి క్వార్టర్‌లో కాలు పెట్టిన నాటి నుంచి ఆమెది అదే గొంతు. ఇక్కడ తలుపు చప్పుడు కావద్దు, కుక్కర్ కూత పెట్టొద్దు, నవ్వొచ్చినా కొంగు నోట్లో కుక్కుకోవాలి!

ఇన్నాళ్లూ సర్దుకుపోయింది. కానీ రేపు?... రేపు పెద్దపల్లి బడిలో ఆమె బి.ఇడి. ఆఖరి పాఠం! హైస్కూల్లో లెక్కల టీచర్ కావాలన్నది చిన్ననాటి కోరిక. మొన్న పైథాగరస్ సిద్ధాంతం ఒక్క తప్పు లేకుండా చెప్పింది. అయినా లెక్చరర్ మమతారాణి పక్కకు పిలిచి, "లెక్క బాగుందమ్మా. కానీ వెనుక బెంచీకి ఒక్క ముక్క వినపడలే. ఆఖరి పాఠం గూడ ఇట్లనే చెప్తే పాస్ చేయరు!" అంది. ఆ మాట ఇంటికొచ్చి అత్తకూ చెప్పింది. అప్పటి నుంచి జ్యోతిరాణికి కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే కూర్చోవాలనిపిస్తోంది.

గోడవైపు తిరిగి మళ్లీ మొదలుపెట్టింది. "పిల్లలూ, కర్ణం మీది వర్గం..." మాట పెదవుల దగ్గరే ఆగిపోయింది. ఇంకోసారి... ఊహూఁ! మాట రాలేదు గానీ ఏడుపు మాత్రం బావురుమని వచ్చింది! పక్కగదిలో మంచం కిర్రుమంది.

అత్త తిడుతుందనుకుంది. దుర్గవ్వ తిట్టలేదు, ఉన్నచోటే కూలబడింది.

"నీ నోరు నేనే కట్టేసిన బిడ్డా... నీ మొగడు పసిగుడ్డప్పుడు ఓ పగలంతా ఏడ్చిండు. మీ మామకు కన్ను మూతపడలే. గా నిద్రకండ్లతోనే బాయిల దిగిండు... మల్ల రాలే! గప్పటి సంది చప్పుడంటేనే నా పాణం పోతది..."

జ్యోతిరాణి గుండె చెరువైంది. ఇన్నేళ్లూ గయ్యాళితనమనుకున్నదంతా భయమా! "ఆయన పాణం కన్న నాకు నౌకరీ ఎక్కువనా అత్తమ్మా? నేను రేపు పోను!"

"ఎందుకు పోవు? పోవాలె!" దుర్గవ్వ కళ్లు తుడుచుకుని లేచింది. గుమ్మంలో ప్రేమ్‌సాగర్ కళ్లు నులుముకుంటూ నిలబడ్డాడు. "సాగరా, నిద్ర చెడ్డది. ఇయ్యాల బాయికి పోకు బిడ్డా!"

"మస్టర్ పోతది, ఒక రోజు జీతం పోతది గదనే అవ్వా..."

"పోతే పోనీ! మీ బాపు గా ఒక్కనాడు ఆగుంటే..." ప్రేమ్‌సాగర్ తల్లి చెయ్యి పట్టుకుని సరేనన్నాడు.

దుర్గవ్వ పీట తీసుకుని వెనుక పెరట్లోకి, గోడ దాకా వెళ్లి కూర్చుంది. "గిదే నీ వెనుక బెంచీ! చెప్పు... నాకు వినొస్తలే! ఇంకా గట్టిగ!"

"కర్ణం మీది వర్గం, మిగతా రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానం!" మాట జ్యోతిరాణి గొంతు చీల్చుకుని వచ్చింది. తన గొంతు తనకే కొత్తగా ఉంది!

పక్కింటి చంద్రవ్వ ఉరికొచ్చింది. "ఏందక్కా లొల్లి? గీ ఇంట్ల ఎన్నడు లేంది! కోడలితోని కొట్లాటనా?"

"కొట్లాట కాదే! మా కోడలు లెక్కల పాఠం చెప్తున్నది!"

మొగుడు పోయినప్పటి నుంచీ దుర్గవ్వ అంత గట్టిగా మాట్లాడడం ఆ వాడలో ఎవరూ వినలేదు. జ్యోతిరాణి కొంగుతో కళ్లొత్తుకుని, అత్తవైపే చూస్తూ పాఠం మళ్లీ మొదటి నుంచి అందుకుంది.