రెండంగుళాల పేచీ

కోరా బెక్‌స్టెడ్ వెస్లీ ఓడెల్‌తో మాట్లాడిన మొట్టమొదటి మాట "అక్కర్లేదు."

అప్పటికి అతను తన పేరు కూడా చెప్పుకోలేదు. "ఈ బండిని నాలుగంగుళాలు పైకి లేపాలి" అన్నాడంతే.

బండి అంటే ఆ కౌంటీ రెస్క్యూ దళానికి ఎవరో పుణ్యాత్ములు దానమిచ్చిన పాత ఎస్‌యూవీ. వెనక స్ప్రింగులు కుంగిపోయి, కూలబడ్డ కుక్కలా ముందు లేచి వెనక చతికిలబడి ఉంది. టైర్లు గుండు కొట్టించుకున్నంత నున్నగా ఉన్నాయి. యూటా రాష్ట్రంలో ఆ మూల ఎర్రరాయీ బూడిదరంగు బంకమట్టీ తప్ప ఇంకేం ఉండవు. దారితప్పినవాళ్లనీ, కాళ్లు విరగ్గొట్టుకున్నవాళ్లనీ అందులోంచి ఏరుకురావడం దళం పని. జీతాలు లేవు. శనివారాలు పాన్‌కేకులు వేసి అమ్మితే వచ్చిందే నిధి.

"ఎందుకక్కర్లేదండీ?" అన్నాడు వెస్లీ.

"ఇక్కడి రోడ్లు బాగానే ఉంటాయి."

"మొన్న కాటన్‌వుడ్ రోడ్డు మీద వెళ్లొస్తే నాకు పన్ను కదిలింది. దాన్ని చదును చేసే మహానుభావుడెవరో గానీ..."

"నేనే."

దళం సమావేశానికి వచ్చినవాళ్లంతా తమ తమ బూట్ల వైపు చూసుకున్నారు. కోరా కౌంటీలో మట్టిరోడ్లు చదును చేసే గ్రేడర్ నడుపుతుంది. వాళ్ల నాన్న డెల్ కూడా రిటైరయ్యేదాకా అదే నడిపాడు. వెస్లీ ఎనిమిది నెలల క్రితం, ఎటుచూసినా బల్లపరుపుగా ఉండే కాన్సస్ నుంచి వచ్చి క్లినిక్‌లో ఎక్స్‌రేలు తీస్తున్నాడు. అతని ఊళ్లో ఎత్తు అంటే ధాన్యం గోదామే.

దళం పెద్ద మార్వా జెన్సన్ గొంతు సవరించుకుంది. ఆవిడ ఉద్యోగం బడి వంటశాలలో. మూడొందల మంది పిల్లల్ని గరిటెతో అదుపులో పెట్టిన గొంతు అది.

"ఈ లేపడం, అదే లిఫ్టూ, టైర్లూ మీరిద్దరే తేల్చండి. ఉన్నది పన్నెండొందల డాలర్లు. అన్నీ అందులోనే."

"సరిపోకపోతే?" అన్నాడు వెస్లీ.

"మళ్లీ పాన్‌కేకులు. ఈసారి పెనం దగ్గర నువ్వు."

మర్నాడు కోరా అతన్ని అదే బండిలో అదే రోడ్డు మీదికి తీసుకెళ్లింది, లిఫ్టు అక్కర్లేదని నిరూపించడానికి. నాలుగు మైళ్లు నిరూపణ బాగానే సాగింది. అయిదో మైలులో మంచు కరిగి బురదైనచోట, చక్రాల చాళ్ల మధ్య మట్టిగట్టు మీద బండి పొట్ట ఆనింది. చక్రాలు ఊరికే తిరిగాయి. బండి మాత్రం కదల్లేదు.

కోరా ఇంజను ఆపింది. దూరంగా ఒక ఆవు వాళ్లనే చూస్తోంది.

"పోయిన నెల బాగుండేది" అంది.

"అలాగేనండీ."

"నవ్వుతున్నారా?"

"లేదండీ. నా మొహమే అంత."

ఇద్దరూ దిగి పారలు పట్టారు. చాలాసేపు తవ్వాక కోరా నడుం నిలబెట్టుకుని, "ఆ అండీ తీసెయ్. ఒకే గుంట తవ్వేవాళ్లు అండీ గిండీ అనుకోరు" అంది.

"సరే కోరా."

ఆమె మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది. చెవులెందుకు ఎర్రబడ్డాయో ఆమెకే తెలియాలి. గాలి చల్లగానే ఉంది.

"కొంచెం లేపాలి. ఒప్పుకుంటా. నాలుగంగుళాలు మాత్రం లేదు" అంది పార మీంచి తల ఎత్తకుండానే.

నాలుగంగుళాల పట్టు వెస్లీ తనంతట తనే వదిలేశాడు. ఆ శనివారం దళమంతా కలిసి స్ట్రెచర్ ఎక్కించే సాధన చేసింది. ఎత్తు బండి సంగతి తేలాలని కోరా వాళ్ల నాన్న పికప్ ట్రక్కు తెచ్చారు. డెల్ దాన్ని ఎనిమిదంగుళాలు లేపించాడు. ఎక్కడానికి కమ్మీ పట్టుకోవాలి, దిగడానికి దేవుణ్ని తలుచుకోవాలి. స్ట్రెచర్ మీద రోగిగా మార్వా పడుకుంది. ఆవిడ సన్నపాటి మనిషి కాదు.

వెస్లీ, కోరా చెరోవైపు పట్టి భుజాల ఎత్తుకు లేపారు. సగంలో వెస్లీ మోచెయ్యి వణికింది. రోగి ఓపక్కకి జారుతూ, "బాబూ, నేనింకా బతికే ఉన్నాను" అని గుర్తుచేసింది.

అతను దింపి చెమట తుడుచుకున్నాడు. "ఎత్తు పెరిగితే రోడ్డుకి సుఖం, రోగికి కష్టం. రెండంగుళాలు చాలు."

పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ డెల్ నిట్టూర్చాడు. "రెండంగుళాలా? అది లిఫ్టు కాదురా కాన్సస్ అబ్బాయ్, చెప్పు మడమ."

ఎత్తు కుదిరింది. ఇక ఎలా లేపాలన్నది మిగిలింది. వెస్లీ చవకైన దారి కనిపెట్టాడు. స్ప్రింగు మీద దిమ్మలు పెడితే చాలట.

బర్గర్ల హోటల్లో ఎదురుగా కూర్చున్న కోరా తన కూల్‌డ్రింకు, రూట్ బీరు సీసా, బల్ల మీద పెట్టింది. "కుంగిపోయిన స్ప్రింగు మీద దిమ్మ పెట్టడమంటే, మోకాళ్లు పోయినవాడికి ఎత్తు చెప్పులు తొడిగినట్టు. కొత్త స్ప్రింగులు వేద్దాం, కుదుపులు మింగే షాక్‌లు కూడా కొత్తవి వేద్దాం. ఆ రెండంగుళాలు వాటికవే వస్తాయి."

"మరి టైర్లకు ఏం మిగుల్తుంది?"

"అది నాకొదిలెయ్."

"బురద టైర్లు మాత్రం వద్దు. ఇక్కణ్నుంచి క్లినిక్‌కి నలభై మైళ్లు తారురోడ్డు. వాటి హోరుకి రోగికి చెవులు కూడా పోతాయి. మంచు మీద కూడా నిలవవు. అన్ని దారులకీ పనికొచ్చే రకం కావాలి."

"మా బంకమట్టి నీకు తెలీదు."

"మీ మంచు నాకు తెలుసు. పోయిన జనవరిలో నా కారు దాన్ని దగ్గరగా పరిచయం చేసింది."

ఆమె నవ్వింది. అప్పటిదాకా వెస్లీ ఆమె నవ్వగా చూడలేదు. తర్వాత ఏం తిన్నాడో అతనికి గుర్తులేదు. బిల్లులో మాత్రం బర్గర్ అని ఉంది.

అక్కడితో కథ సాఫీగా పోవలసింది. కానీ మరుసటి వారం మార్వా కాలర్‌బోన్ నొప్పని ఎక్స్‌రేకి వచ్చి, మిషను కింద పడుకుని కబురు చెప్పింది. "కోరా రోజూ సాయంత్రం టైర్ల కొట్టు బ్రెంట్ దగ్గరే కూర్చుంటోంది. ఏదో నడుస్తోందిలే. కుర్రాడు మంచివాడు, సొంత కొట్టు."

"ఊపిరి బిగబట్టండి" అన్నాడు వెస్లీ.

చాలాసేపటికి గానీ వదలమని చెప్పడం గుర్తురాలేదు.

ఆ శనివారం కౌంటీ షెడ్డులో ఇద్దరూ బండి కింద దూరారు. జాకీలతో బండిని ఎత్తి, కింద కర్రమొద్దులు ఆనించి, తుప్పుపట్టిన బోల్టుల మీద నూనె పోస్తూ వెల్లకిలా పడుకున్నారు. వెస్లీ పొద్దుటినుంచి ముక్తసరిగా ఉన్నాడు. పానా అడిగితే పానా ఇస్తున్నాడు, అంతే.

చివరికి పైకి చూస్తూ, "శుభాకాంక్షలు" అన్నాడు.

"దేనికి?"

"బ్రెంట్ విషయంలో."

"ఓ, నీకు తెలిసిపోయిందా? అబ్బ, ఎంత కష్టపడ్డానో! వారం రోజులు తిరిగా. మొదట అస్సలు దిగిరాలేదు. ఆఖరికి వాళ్లమ్మతో చెప్పించా."

వెస్లీ అదే బోల్టు మీద మళ్లీ నూనె పోశాడు. "వాళ్లమ్మ ఒప్పుకుందా?"

"ఆవిడే నయం. నాలుగు తీసుకుంటే అయిదోది ఊరికే ఇచ్చెయ్యమంది."

వెస్లీ పానా కింద పెట్టాడు. "అయిదోదేంటి?"

"స్టెప్నీ."

వెస్లీ పానా మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"నువ్వేమనుకున్నావ్?" అంది కోరా.

"టైర్లే అనుకున్నా."

ఆమె తల తిప్పి అతని మొహం వైపు చూసింది. బండి కింద ఇద్దరి మొహాలకీ మధ్య జానెడు దూరం కూడా లేదు. అతని ముక్కు మీద గ్రీజు ఉంది. ఆమె తన చొక్కా చేతి అంచుతో తుడిచింది. ఆ చెయ్యికి అంతకన్నా ఎక్కువ గ్రీజు ఉండటంతో ముక్కు మరింత నల్లబడింది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. బోల్టు మాత్రం ఆ తర్వాత చిన్న తోపుకే వదిలింది.

సాయంత్రానికి బండి నాలుగు కాళ్ల మీద సమానంగా నిలబడింది. డెల్ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "ఎప్పుడు లేపుతారు?" అని అడిగి వెళ్లిపోయాడు.

మార్చి చివర్లో, ఓ మధ్యాహ్నం క్లినిక్‌లో వెస్లీ ఫోను మోగింది. కోరా.

"నాన్న జింకలు రాల్చిన కొమ్ములు ఏరుకోవడానికి గుట్టల్లోకి పోయాడు. వాన పట్టుకుంది. ఇప్పుడే ఫోన్ చేశాడు. కాలు కొంచెం అటు తిరిగిందన్నాడు. ఎటు అని అడిగితే, వెనక్కి అన్నాడు."

"ట్రక్కు?"

"పక్కకి వాలి పడుకుందట." ఆమె గొంతు సన్నబడింది. "మాట మధ్యలో లైను పోయింది."

ఈ మబ్బులో హెలికాప్టరు ఎగరదని మార్వా చెప్పింది. చీకటి పడేలోగా వాన మంచుగా మారుతుందని రేడియో చెప్పింది. అరవై ఆరేళ్ల మనిషి, తడిబట్టలు, విరిగిన కాలు. మిగతాది ఎవరూ చెప్పలేదు. మార్వా కబురు అందించడానికి వైర్‌లెస్ దగ్గర కూర్చుంది. మిగతావాళ్లు అవతలి కొండవైపు నుంచి బయల్దేరారు. దగ్గరి దారి వీళ్లిద్దరిదీ.

తారురోడ్డు దాటగానే కోరా బండి ఆపింది. వెస్లీ దిగి నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసేశాడు, బురదలో అవి వెడల్పుగా పరుచుకోవాలని. బంకమట్టి వెన్నలా జారుతోంది. రెండు గుట్టలు ఎలాగో ఎక్కారు. మూడోదానికి ఒకపక్క లోయ. అక్కడ వెనక చక్రాలు లోయవైపు జారాయి. కోరా బ్రేకు మీద కాలుపెట్టి అలాగే ఉండిపోయింది.

"నువ్వు నడుపు" అంది. "నా చేతులు ఆగట్లేదు."

"నాకీ రోడ్డు తెలీదు."

"నాకు తెలుసు. నేను ముందు నడుస్తా. నా వెనకే రా."

ఆమె పచ్చ వానకోటు వేసుకుని దిగింది. కాలితో నేల తడుముతూ, ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ నిలబడి చెయ్యి ఊపుతూ, బండివైపే మొహం పెట్టి అడుగడుగూ వెనక్కి నడిచింది. అద్దం మీద నీళ్లూ బురదా. వెస్లీకి రోడ్డు కనిపించలేదు. ఆ కోటు కనిపించింది. దాని వెనకే వెళ్లాడు. టైర్లు మట్టిని పట్టుకుని, కొంచెం జారి, మళ్లీ పట్టుకున్నాయి. ఒకచోట రాయి పొట్టకింద నుంచి వెళ్లింది, అంటకుండా.

డెల్ వాలిన ట్రక్కు చాటున కూర్చుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒళ్లో ఒక జింక కొమ్ము.

"ట్రక్కు పల్టీ కొట్టి కాలు విరిగిందా సార్?" అన్నాడు వెస్లీ, కాలికి కట్టె కడుతూ.

"లేదు. వాలుతోందని చూడ్డానికి దిగబోయా." డెల్ వేరేవైపు చూశాడు. "ఎత్తు ఎక్కువ. జారా."

తండ్రికి దుప్పటి చుడుతున్న కోరా ఒక్క మాట అనలేదు. అందుకామెకు చాలా బలం కావలసి వచ్చింది.

ఇద్దరే పట్టి లేపితే స్ట్రెచర్ ఒక్క ఊపులో బండిలోకి వెళ్లిపోయింది. కోరా ఈసారి తండ్రి పక్కన కూర్చుని అతని చేతులు రుద్దింది. వచ్చిన చాళ్లు పట్టుకుని వెస్లీ నెమ్మదిగా దించుకొచ్చాడు. గుట్టలు దాటేదాకా డెల్ మూలుగుతూనే ఉన్నాడు. తారురోడ్డు ఎక్కాక మాట వచ్చింది.

"టైర్లు ఎవరు ఎంచారు?"

"రకం నేను. బేరం తను."

"స్ప్రింగులు?"

"తను."

డెల్ చాలాసేపు కప్పువైపు చూశాడు. "మెత్తగా పోతోంది" అన్నాడు.

ఆ మనిషి జీవితంలో ఇంకొకరి బండిని మెచ్చుకోవడం కోరా వినలేదు. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

క్లినిక్‌లో వెస్లీ ఎక్స్‌రే తీస్తుంటే డెల్ బల్ల మీంచి అడిగాడు. "అబ్బాయ్, మాటిమాటికీ తలుపు వైపు చూస్తావేం? నా కాలు ఇటుంది."

"మిషను సరిచూస్తున్నా సార్."

"మిషను వసారాలో కూర్చుందా?"

వెస్లీ ఫిల్ము పళ్లెం సర్దాడు.

"పైన్నుంచి కింద దాకా బురదలో గుట్ట దిగావ్. దీనికి భయమేంటి? నువ్వడుగుతావా, నేను కుంటుకుంటూ వెళ్లి నీ తరఫున అడగనా?"

డాక్టరు ఫిల్ము చూసి చెప్పవలసింది చెప్పాక వెస్లీ వసారాలోకి వచ్చాడు. కోరా బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది. వానకోటు ఇంకా విప్పలేదు. అతన్ని చూడగానే లేచి నిలబడింది.

అతను రిపోర్టు చదివే గొంతుతోనే చెప్పాడు. "రెండుచోట్ల విరిగింది. నువ్వంటే నాకు ప్రాణం. ఆపరేషన్ అవసరం లేదు."

కోరా కాసేపు అతనివైపే చూసింది. రోజంతా ఆపుకున్న ఏడుపేదో కళ్లలోకి వచ్చింది.

"మధ్యలోది మళ్లీ చెప్పు."

అతను మళ్లీ చెప్పాడు. ఈసారి రిపోర్టు గొంతు నిలవలేదు. ఆమె అంత బురదతోనూ వచ్చి అతని తెల్లకోటుకు ఆనుకుంది. అతను ఆ బురదను అలాగే ఉంచుకున్నాడు.

లోపల్నుంచి డెల్ కేక వినిపించింది. "ఏమందో ఎవరన్నా చెప్పండ్రా! లేవలేను కదా!"

కోరా మొహం ఎత్తకుండానే, గోడ అవతలికి వినబడేలా అరిచింది.

"సరే అన్నాను నాన్నా!"