కిల్‌వోరా గోదాములో నిట్టూర్పు

కిల్‌వోరా గోదాము దారిన పొద్దుపోయాక మా దీవిలో ఎవరూ నడవరు.

అక్కడి విస్కీ బట్టీ మూతపడి చాలా ఏళ్లయింది. నిండు పీపాలన్నీ ఓడెక్కి వెళ్లిపోయాయి. ఖాళీవి మాత్రం సముద్రం ఒడ్డున ఆ రాతి గోదాములో అలాగే పడి ఉన్నాయి. కొన్ని రాత్రులు లోపల్నించి చప్పుడొస్తుందంటారు. టక్... టక్... అని, కొయ్య మీద కొయ్యతో కొట్టినట్టు. కాసేపాగి – ఒక నిట్టూర్పు.

అది హెక్టర్ అంటారు. ఆ పీపాల మధ్యే ప్రాణం వదిలిన కాపలాదారు, ఇప్పటి పాస్టరు నికల్సన్‌కి తండ్రి. సరుకు వెళ్లిపోయిందని తెలీక పాపం, ఇంకా చూసుకుంటున్నాడట.

అందుకే అందరూ కొండ దారిన చుట్టు తిరిగి పోతారు. మర్డో గిల్లిస్ కూడా అంతే, స్నేహితుడు టోర్కిల్‌ని పూడ్చిన రోజు దాకా.

మర్డో పడవ రేవులో తాళ్లు కట్టే మనిషి. కిల్‌వోరా సీసాలు కూడబెట్టడం అతని పిచ్చి. ఒక్కటి కూడా మూత తీసెరగడు. అల్మారాలో వరసగా పెట్టుకుని, తుడిచి, మళ్లీ పెట్టుకునేవాడు. ఆ వరసలో ఒక్క సీసాకి చోటు ఖాళీగా ఉండేది. అది టోర్కిల్ దగ్గరుంది. ఎంత బతిమాలినా ఇవ్వలేదు.

పూడ్చి వచ్చాక టోర్కిల్ భార్య మోరాగ్ దాన్ని మర్డో చేతిలో పెట్టింది.

"అన్నయ్యా, నీకే ఇమ్మని మరీ మరీ చెప్పాడు."

ఎన్నేళ్లుగానో కలగన్న సీసా! తీరా చేతిలోకొస్తే ఏమీ అనిపించలేదు. బరువుగా ఉంది, అంతే. ఆ చలికాలమంతా భుజాల మీద శవపేటికలే మోశాడు మర్డో. ఇప్పుడు స్నేహితుడిది.

"ఉండు, చీకటి పడింది, ఎవరైనా కారులో దింపుతారు," అంది మోరాగ్.

"వద్దమ్మా. కాస్త గాలి తగలనీ."

దారి చీలే చోటికొచ్చేసరికి కొండ దారి ఎదురుగా నిటారుగా నిలబడింది. మోకాళ్లు మొరాయించాయి. 'దెయ్యమైతే దెయ్యం... ఈ మోకాళ్ల కంటే ఎక్కువేం పీడిస్తుందిలే' అనుకున్నాడు. సముద్రం వైపు తిరిగాడు.

చంద్రుడు లేడు. అలల చప్పుడు, తన బూట్ల చప్పుడు. గోదాము గోడ దగ్గరికొచ్చాక తల వంచుకుని వడిగా నడిచాడు. సగం గోడ దాటాడు.

టక్...

కాళ్లు ఆగిపోయాయి.

టక్... టక్...

ఆ వెంటనే తలుపు సందులోంచి, చల్లగాలిలో కలిసి, తియ్యటి పొగ వాసన. ఎప్పుడో యవ్వనంలో ఈ ఊరంతా వచ్చిన వాసన. ఆపైన – నిట్టూర్పు. గుండె లోతుల్నించి వచ్చిన నిట్టూర్పు.

పరిగెత్తాలి. కానీ ఒంట్లో ఓపిక లేదు. భయపడటానికి కూడా ఓపిక కావాలని మర్డోకి అప్పుడే తెలిసింది. తలుపు మీద చెయ్యి వేశాడు. అది కిర్రుమంటూ తెరుచుకుంది.

"హెక్టర్...?" అన్నాడు.

చీకట్లో, పీపాల మధ్య, ఒక నల్లటి ఆకారం లేచి నిలబడింది. చేతిలో కొయ్య సుత్తి.

"హెక్టర్ కాదు..." అంది మెల్లగా. "తలుపెయ్యి మర్డో. చలి."

పాస్టరు నికల్సన్! పొద్దున సమాధి దగ్గర తాగుడు మీద అందరికీ చీవాట్లు పెట్టిన మనిషే.

మర్డో అక్కడే ఒక పీపా మీద కూలబడ్డాడు. "అయ్యగారూ... చంపేశారు కదండీ!"

"కేకెయ్యకు." పాస్టరు కూడా కూర్చున్నాడు. టార్చి వెలిగించి కింద పెట్టాడు. మొహం పీక్కుపోయి ఉంది. "ఎవర్నైనా పూడ్చిన రోజు ఇంటికి వెళ్లబుద్ధి కాదయ్యా. ఇక్కడికొస్తాను. పక్కన నాలుగు దెబ్బలేస్తే పీపా బిరడా పైకొస్తుంది. వాసన చూస్తాను. అది మా నాన్న చొక్కా వాసన. తాగనులే. ఇది కూడా పాపమేనేమో... అడుగుదామంటే ఈ దీవిలో నాకు పాస్టరెవరు?"

"మరి జనం దెయ్యమంటుంటే..."

"కాదని ఎలా చెప్పను? 'మీకెలా తెలుసు' అనరూ?"

మర్డోకి నవ్వు రాబోయి ఆగింది. కోటులోంచి సీసా తీశాడు. టార్చి వెలుగులో అది బంగారంలా మెరిసింది. చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి చాకు తీసి మూత మీది లక్క గీకేశాడు.

"అయ్యో, అదేంటయ్యా! నీ ప్రాణం కదా అది?"

"టోర్కిల్ పేరున. మీరు తాగక్కర్లేదు, వాసన చూడండి చాలు."

పాస్టరు సీసా మూతి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూశాడు. తెరిచాడు. మళ్లీ వాసన చూశాడు.

"మర్డో... ఇది టీ."

"ఏంటీ?"

లాక్కుని ఒక గుక్క తాగి, తుపుక్కున ఉమ్మేశాడు మర్డో. టీయే. ఏనాటిదో, చేదు విషంలా ఉంది. టోర్కిల్ ఎప్పుడో విస్కీ తాగేసి, ఇది పోసి, మళ్లీ లక్క వేసి పెట్టాడు.

"దొంగ సచ్చినోడా!" అన్నాడు మర్డో. అని నోరు మూసుకున్నాడు. పొద్దుటే కదా పూడ్చింది.

ముందు పాస్టరు భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఇద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. నవ్వి నవ్వి, మర్డో ఏడ్చాడు. ఆ చలికాలంలో అదే మొదటిసారి.

"ఒక్కడే తాగాడంటారా?"

"మోరాగ్‌తో తాగుంటాడు. ఏ మంచి రోజునో."

"మంచిదే," అన్నాడు మర్డో ముక్కు తుడుచుకుంటూ. "ఎవరో ఒకరు తాగారు."

ఇంటికి చేరేసరికి భార్య ఊనా పొయ్యి ముందు కునికిపాట్లు పడుతోంది. మర్డో కోటైనా విప్పకుండా అల్మారా దగ్గరికి వెళ్లాడు. వరసలో మొదటి సీసా తీశాడు. చాకుతో లక్క గీకడం మొదలుపెట్టాడు.

ఊనాకి నిద్రమత్తు వదిలిపోయింది. పెళ్లయినప్పట్నించీ ఆ సీసాల మీద దుమ్ము తుడవడానికి కూడా చెయ్యి వెయ్యనివ్వని మనిషి! మెల్లగా లేచి, గోడకి ఆనుకుంది.

"ఏమయ్యా..." గుసగుసగా అడిగింది, "సముద్రం దారిన గానీ వచ్చావా?"

మర్డో బిరడా లాగాడు. ముందు ముక్కు దగ్గర పెట్టుకు చూశాడు.

విస్కీయే.

"గ్లాసులు తే, ఊనా," అన్నాడు. "రెండు."